ఒకే లెన్సు కొనదలచిన గృహస్థు

(ఉగాది ఉత్సవ సందర్భమున సంఘ సభ్యుల సమక్షమున గావింపబడిన ప్రసంగ పాఠము)



స్వగ్రామమునకు వందలకొలది మైళ్ళ దూరమున కేంద్ర ప్రభుత్వోద్యోగము చేయుచు, సెలవు దొరకినప్పుడు మాత్రమే పుట్టినింటి గడప త్రొక్కు కుటుంబములకు ఛాయాచిత్రము కేవలము విలాసము కాదు. తల్లిదండ్రుల ముఖములు, పెరటిలోని నూయి, వీధియరుగు, మేనమామ నవ్వు, ఇవి యన్నియు మరల సెలవు దొరకువరకు ఆ కుటుంబమునకు మిగులునది చిత్రములలోనే. అట్టి చిత్రము చెడిపోయినచో ఆ నష్టము రూపాయలలో లెక్కింపదగినది కాదు.

ఢిల్లీలో ప్రభుత్వ క్వార్టర్లలో కాపురముండు ఒక గృహస్థుని వృత్తాంతము ఇచట చెప్పదగియున్నది. ఆయన ఒక సంవత్సరము సంక్రాంతికి భార్యను, నాలుగేండ్ల కుమార్తెను వెంటబెట్టుకొని గోదావరి తీరముననున్న తన గ్రామమునకు వెళ్ళినాడు. లెన్సు మార్చుటకు వీలుగల కెమేరా యొకటి ఆయన వద్ద కలదు. దానితో కలిపి అమ్మిన లెన్సు తప్ప వేరొకటి లేదు. పగటివేళ ఎండలో తీసిన ముగ్గులు, గంగిరెద్దు, వరికుప్పలు చక్కగా వచ్చినవి. కాని ఆయన మనసున నిలిచినది సాయంకాలపు దృశ్యము. ఎనుబది యేండ్లు దాటిన తల్లి దేవుని గూటిలో దీపము వెలిగించి, మనుమరాలిని ఒడిలోనికి తీసికొని, దానికి ఏదో కథ చెప్పసాగినది. ఆయన వరుసగా పన్నెండు చిత్రములు తీసినాడు.

కెమేరా వెనుకనున్న చిన్న తెరపై అవి బాగుగనే కనబడినవి. ఢిల్లీ చేరి పెద్ద తెరపై చూచుసరికి పదకొండింటిలో తల్లి కన్నులు మసకబారియున్నవి, పిల్ల ముఖము చెదరిపోయినది. ఫ్లాష్ వెలిగించి తీసిన పండ్రెండవదానిలో స్పష్టత కలదు గాని, దీపకాంతి పూర్తిగా అంతరించి, ముఖము సున్నము కొట్టిన గోడవలె తెల్లబారి, ఆ వృద్ధురాలి కన్నులు మూసికొనిపోయినవి.

మరునాడు కార్యాలయములో తేనీటివేళ ఈ మాట వచ్చినది. ఒక సహోద్యోగి “పద్దెనిమిది నుంచి రెండువందల దాకా పోయే జూమ్ కొనండి, ఇక జీవితంలో మరొకటి అక్కర్లేదు” అన్నాడు. రెండవవాడు పెండ్లి చిత్రములు తీయువారు వాడునట్టి బరువైన, ఖరీదైన జూమ్ లెన్సును పొగడినాడు. మూడవవాడు కెమేరానే మార్చివేయమన్నాడు. గృహస్థుని చేతిలోనున్నది ఆ ఏటి బోనసు సొమ్ము మాత్రమే. సాయంకాలము ఇంటికి పోయి మూడు సలహాలను భార్యకు వినిపించినాడు. ఆమె ఒకే ప్రశ్న వేసినది: “ఈ మూడింటిలో దేనివల్ల అత్తయ్యగారి మొహం స్పష్టంగా వస్తుందండీ?”

పరిమితమైన సొమ్ముతో బహువిధములుగా ఉపయోగపడు లెన్సును ఎన్నుకొనదలచిన ప్రతివారికిని ఆ ప్రశ్నయే సరియైన కొలబద్ద. ఈ ప్రసంగము దానికి సమాధానము వెదకుటకే ఉద్దేశింపబడినది.

ఛాయాగ్రహణ విద్యకును ప్రభుత్వోద్యోగికిని గల సంబంధము క్రొత్తది కాదు. రాజా దీనదయాళ్ 1844లో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇందోరులోని ప్రభుత్వ నిర్మాణశాఖలో ఉద్యోగమున ప్రవేశించినవాడు. 1874 ప్రాంతమున ఉద్యోగము చేయుచునే కెమేరా పట్టినాడు. పిమ్మట ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాగ్రాహకుడై, సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, 1905లో మరణించువరకు దేశమంతట ప్రఖ్యాతి గాంచినాడు. ఆ కాలమున గాజుపలకలు, ముక్కాలిపీట, బరువైన పెట్టె, ఇంత సరంజామా లేనిదే చిత్రము లేదు.

ఈ బరువును తగ్గించి కెమేరాను జేబునకు తెచ్చినవారిలో ఒకడు జర్మనీలోని లైట్జ్ సంస్థలో పనిచేసిన ఆస్కార్ బర్నాక్. ఆయన రూపొందించిన లైకా 1925లో విపణిలోనికి వచ్చినది. దాని ఫిల్ముపై ఒక్కొక్క చిత్రము 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు. దాని లెన్సు 50 మిల్లీమీటర్లది. ఆ దీర్ఘచతురస్రపు కర్ణము 43 మి.మీ. చిల్లర. లెన్సు యొక్క ఫోకల్ లెంగ్త్ ఈ కర్ణమునకు ఇంచుమించు సమానముగా నున్నచో, చిత్రములో వస్తువుల దూరములు, పరిమాణములు కంటికి సహజముగా తోచును. అట్టిదానిని సాధారణ లెన్సు అందురు. ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు హెన్రీ కార్టియే బ్రెస్సాన్ తన చిత్రములలో అధికభాగము ఈ 50 మి.మీ. లెన్సుతోనే తీసినాడు. 1948 జనవరిలో మహాత్ముని కడపటి దినములను, అంతిమయాత్రను ఢిల్లీలో చిత్రించినవారిలో ఆయన యొకడు. భారతదేశపు తొలి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలు హోమాయ్ వ్యారావాలా ఢిల్లీలో పెక్కేండ్లు పనిచేసి, 2011లో పద్మవిభూషణ్ బిరుదమందినది. ఆమె వాడిన కెమేరాలలో ఒకటైన రోలీఫ్లెక్సునకు లెన్సు మార్చుటకే వీలులేదు. దానికి అమర్చిన ఒక్క సాధారణ లెన్సుతోనే పని సాగవలెను.

నిశ్చలచిత్రముల 35 మి.మీ. కెమేరాలకు తొలి జూమ్ లెన్సు 1959లో వచ్చినది. దాని పేరు ఫోక్ట్‌లెండర్ జూమార్, విస్తృతి 36 నుండి 82 మి.మీ. వరకు. అంతకుముందు ముప్పదినాలుగేండ్లపాటు జూమ్ అను సౌకర్యము లేకయే ఈ చిన్న కెమేరాలు ప్రపంచమును చిత్రించినవి. ఈ చరిత్రను చెప్పుట జూమును నిందించుటకు కాదు. ఒక లెన్సు బహూపయోగి యగుటకు అది ముందుకు వెనుకకు సాగితీరవలెనను నియమము లేదని తెలియుటకు మాత్రమే.

ఇక లెన్సుపై వ్రాయబడియుండు అంకెల అర్థమును గ్రహింపవలెను. అవి రెండు రకములు. మొదటిది మిల్లీమీటర్లలోనుండు ఫోకల్ లెంగ్త్. ఇది చిన్నదైనచో దృశ్యము విశాలముగా పట్టును. పెద్దదైనచో దూరమునందలి వస్తువు దగ్గరకు వచ్చినట్లుండును. కాని ఒకే లెన్సు అన్ని కెమేరాలపైన ఒకే విధముగా చూడదు. నేడు మితమైన ధరకు లభించు కెమేరాలలో పెక్కింటిలో కాంతిని గ్రహించు ఫలకము పాత ఫిల్ము పరిమాణముకంటె చిన్నది. దీనిని ఏపీఎస్-సీ పరిమాణమందురు. నికాన్, సోనీ, ఫ్యూజీ కెమేరాలలో ఫోకల్ లెంగ్తును 1.5 చేతను, కానన్ కెమేరాలలో 1.6 చేతను హెచ్చించినచో పాత లెక్కలో అది దేనికి సమానమో తెలియును. అనగా 35 మి.మీ. లెన్సు ఈ కెమేరాలపై 52 లేక 56 మి.మీ. లెన్సువలె, 50 మి.మీ. లెన్సు 75 లేక 80 మి.మీ. లెన్సువలె పనిచేయును. మైక్రో ఫోర్ థర్డ్స్ అను ఇంకను చిన్న ఫలకము గల కెమేరాలలో 2 చేత హెచ్చింపవలెను. అచట 25 మి.మీ. లెన్సే సాధారణ లెన్సు.

ఈ లెక్కను గృహమునకు అన్వయించి చూచినచో విషయము తేటపడును. పది అడుగుల దూరమున నిలిచి, ఏపీఎస్-సీ కెమేరాను అడ్డముగా పట్టి తీసినచో, 18 మి.మీ. వద్ద సుమారు పదమూడు అడుగుల వెడల్పు పట్టును. 35 మి.మీ. వద్ద ఆరున్నర అడుగులకు పైగా పట్టును. 50 మి.మీ. వద్ద నాలుగున్నర అడుగులకు కొంచెము ఎక్కువ. ప్రభుత్వ క్వార్టరులో పది పండ్రెండడుగుల గదియే పెద్దది. అందు 35 మి.మీ. లెన్సుతో నలుగురిని ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టి తీయవచ్చును. 50 మి.మీ. లెన్సుతో ఇద్దరు, మహా అయినచో ముగ్గురు పట్టుదురు. తీయువాని వీపు గోడకు తగులును.

రెండవ అంకె కాంతికి సంబంధించినది. లెన్సు లోపల కంటిపాపవలె పెద్దదిగను చిన్నదిగను కాగల ద్వారమొకటి యుండును. దాని కొలతను ఎఫ్ అను అక్షరముతో సూచింతురు. 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అనునవి దాని మెట్లు. అంకె పెరిగినకొలది ద్వారము చిన్నదగును. ఒక్కొక్క మెట్టునకు కాంతి సగమగును. కావున ఎఫ్ 2 వద్ద ప్రవేశించు కాంతిలో ఎనిమిదవవంతు మాత్రమే ఎఫ్ 5.6 వద్ద ప్రవేశించును. ఎఫ్ 1.8 తో పోల్చినచో భేదము తొమ్మిది రెట్లు దాటును.

పైన చెప్పిన గృహస్థుని పండ్రెండు చిత్రములు ఎందుచేత చెడినవో ఇప్పుడు బోధపడును. కెమేరాతో వచ్చిన ఆయన లెన్సు 18 నుండి 55 మి.మీ. వరకు సాగునది. 18 వద్ద దాని ద్వారము ఎఫ్ 3.5 వరకు తెరచుకొనును. తల్లి ముఖము పెద్దదిగా కనబడుటకై 55 వరకు సాగదీసినంతనే అది ఎఫ్ 5.6 కు కుంచించుకొనిపోయినది. ఆ మసకవెలుతురులో కెమేరా సెకనులో పదిహేనవవంతు కాలము షట్టరు తెరచి యుంచవలసి వచ్చినది. అంతకాలము మనుష్యుని చేయి కదలకుండుట కష్టము. నాలుగేండ్ల పిల్ల కదలకుండుట అసంభవము. అదే స్థలమున ద్వారము ఎఫ్ 2 వరకు తెరచుకొనగల లెన్సు ఉండినచో, సెకనులో నూటయిరువదవవంతు చాలియుండెడిది. కథ వినుచున్న పిల్ల ముఖమును పట్టుటకు ఆ వేగము సరిపోవును.

ఇచట రెండు సందేహములు కలుగవచ్చును. చేతి వణకును సరిదిద్దు యంత్రాంగము నేటి లెన్సులలో పెక్కింటికి కలదు గదా యనునది మొదటిది. అది తీయువాని చేతి కదలికను మాత్రమే సరిదిద్దగలదు. ఎదుటివారి కదలికను ఆపజాలదు. గోపురమును తీయునప్పుడు మేలు చేయును, మనుమరాలిని తీయునప్పుడు చేయదు. కెమేరాలోని ఐ.ఎస్.ఓ. అంకెను పెంచినచో చాలదా యనునది రెండవది. కొంతవరకు చాలును. నేటి కెమేరాలు ఈ విషయమున మిక్కిలి అభివృద్ధి చెందినవి. అయినను పెంచినకొలది చిత్రమున ఇసుక చల్లినట్లు రవ్వలు కనబడి, వృద్ధుల ముఖములలోని సన్నని ముడుతలు చెరిగిపోవును. ఆ ముడుతలే ఆ ముఖమునకు గుర్తు.

ఇప్పుడు సహోద్యోగుల సలహాలను ఒక్కొక్కదానిని పరిశీలింపవలెను. 18 నుండి 200 వరకు సాగు జూమ్ లెన్సు “ఏ ఎండకా గొడుగు” పట్టునట్టిది. సెలవు ప్రయాణ రాయితీపై కుటుంబముతో దేశాటనము చేయునప్పుడు, ధూళిలో లెన్సులు మార్చు పని తప్పించి, మందిరము మొత్తమును, దాని శిఖరముపైని కలశమును ఒకే చోట నిలిచి తీయనిచ్చును. దాని ప్రయోజనమును కాదనరాదు. కాని పొడవైన కొసన దాని ద్వారము ఎఫ్ 5.6, కొన్నింటిలో 6.3. కాంతి విషయమున అది పాత లెన్సుకంటె ఒక్క మెట్టైనను మేలు కాదు. ఆ గృహిణి ప్రశ్నకు అది సమాధానము కాజాలదు.

ఎఫ్ 2.8 ద్వారము గల జూమ్ లెన్సు నిజముగా గుణవంతమైనది. సాగినను ముడిచినను దాని కాంతి మారదు. 5.6 తో పోల్చినచో నాలుగు రెట్ల కాంతిని గ్రహించును. అది వృత్తిగా చిత్రములు తీసి, దానిపై సంపాదించి, దాని ధరను రాబట్టుకొనువారికి తగినది. బోనసు సొమ్ముతో దానిని కొనబోవు గృహస్థు మిగిలిన మొత్తమునకు వాయిదాలు కట్టవలసివచ్చును. అప్పుచేసి పప్పుకూడు తినరాదని పెద్దలు ఊరక చెప్పలేదు. పైగా దాని బరువువలన అది బీరువాలో ఉండు దినములే ఎక్కువ యగును.

కెమేరానే మార్చుట మూడవ సలహా. క్రొత్త కెమేరాతో మరల అట్టి 5.6 లెన్సే కలిసి వచ్చినచో ఇల్లు మారినను కిటికీ మారనట్లగును. లెన్సు చాలకాలము నిలుచు వస్తువు, కెమేరా తరచుగా మారు వస్తువు. సొమ్ము స్వల్పముగా నున్నప్పుడు నిలుచు వస్తువుపై వెచ్చించుట వివేకము.

ఎవరును సూచింపని నాలుగవ మార్గము మిగిలియున్నది. అది సాగని లెన్సు, ప్రైమ్ లెన్సు అనబడునది, ఎఫ్ 1.8 ద్వారము గల 35 లేక 50 మి.మీ. లెన్సు. సాగుటకు కావలసిన కదలెడు గాజులు ఇందు ఉండవు గనుక నిర్మాణము సరళము. సాధారణ ఫోకల్ లెంగ్తునకు విశాలమైన ద్వారమును అమర్చుట సులభము గనుకను, విరివిగా తయారగును గనుకను ధర తక్కువ. అదే 50 మి.మీ. లెన్సును ఎఫ్ 1.2 ద్వారముతో కొనబోయినచో ధర పదిరెట్లు దాటవచ్చును. లభించు కాంతి మాత్రము రెండింతలకు కొంచెము మించును. కావున 1.8 వద్ద ఆగుట మధ్యతరగతి కుటుంబమునకు శ్రేయస్కరము.

దీనికి లోపములు లేకపోలేదు. సాగదు గనుక దగ్గరకు రావలెనన్న కాళ్ళతో నడువవలెను. విశాలమైన దృశ్యములు ఇందు ఇముడవు. అందుచేతనే కెమేరాతో వచ్చిన పాత లెన్సును అమ్మివేయరాదు. దానికి వచ్చు వెల స్వల్పము. ఎండలో గోపురములకు, పొలములకు, పెద్ద బలగము కూడిన సామూహిక చిత్రములకు అది చక్కగా పనిచేయును. పగటికి పాతది, దీపము వెలిగిన పిమ్మట క్రొత్తది అను విభజనవలన తక్కువ ఖర్చుతో ఎక్కువ ప్రయోజనము సిద్ధించును. జూము లేని లోటును నాలుగడుగులు తీర్చగలవు. వెలుతురు లేని లోటును నడక తీర్చజాలదు. బహూపయోగి యను మాటకు దూరములను బట్టి గాక, ఇంటిలోని వెలుతురును బట్టి అర్థము చెప్పుకొనవలెనని ఈ ప్రసంగము యొక్క ముఖ్యాభిప్రాయము.

అయినను ఇతరులు చెప్పినారని 35 గాని 50 గాని కొనుట తగదు. పైసా ఖర్చు లేని పరీక్ష యొకటి కలదు. డిజిటల్ కెమేరాతో తీసిన ప్రతి చిత్రములోను ఏ ఫోకల్ లెంగ్త్ వద్ద, ఏ ద్వారముతో, ఎంత వేగముతో తీయబడినదో ఆ వివరము దాగియుండును. కంప్యూటరుపై ఆ చిత్రపు వివరములను తెరచినచో కనబడును. గడచిన సంవత్సరము తీసిన వానిలో ఇంటివారికి ప్రియమైన నూరు చిత్రములను ఏరి, ఏ అంకె వద్ద ఎన్ని యున్నవో కాగితముపై వ్రాసికొనవలెను. తరువాత పాత లెన్సును 35 వద్ద నిలిపి, కదలకుండ కాగితపు పట్టీ అంటించి, ఒక వారము దానితోనే ఇంటిలో చిత్రములు తీయవలెను. మరుసటి వారము 50 వద్ద అట్లే చేయవలెను. ఏ వారము వీపు గోడకు తగిలినదో, ఏ వారము పిల్లల ముఖములు మరీ చిన్నవైనవో ఇంటివారికే తెలియును.

ఏపీఎస్-సీ కెమేరా గలవారిలో పెక్కుమందికి ఇండ్లలో వాడుటకు 35 అనుకూలము. ఒక్కరి ముఖమును, భుజములవరకు, అందముగా తీయగోరువారికి 50 మేలు. పూర్తి 36 మి.మీ. ఫలకము గల కెమేరా యున్నచో 50 మి.మీ. లెన్సే సాధారణ లెన్సు గనుక సందేహమే లేదు. 18 వద్ద మిక్కిలి దగ్గరగా పోయి ముఖములు తీయుట మాత్రము మంచిది కాదు. రెండడుగుల దూరమునుండి తీసినచో ముక్కు పెద్దదై చెవులు వెనుకకు పోవును. అది లెన్సు దోషము కాదు, దగ్గరితనపు దోషము. అయిదారు అడుగుల దూరమున ఈ వికారము కనబడదు.

కొనుటకు ముందు లెన్సు తన కెమేరాకు అమరునో లేదో విచారింపవలెను. పెక్కు సంస్థల బిగింపులు వేరువేరు. ఒకే సంస్థలోనైనను అద్దము గల పాత కెమేరాలకు, అద్దము లేని క్రొత్త కెమేరాలకు బిగింపు వేరు. ఉదాహరణమునకు నికాన్ వారి పాత 50 మి.మీ. ఎఫ్ 1.8 డి అను లెన్సులో ఫోకసు చేయు మోటారు లేదు. మోటారు లేని చిన్న నికాన్ కెమేరాలపై అది బిగియును గాని, ఫోకసును చేతితో త్రిప్పవలెను. చౌకగా దొరకినదని దానిని కొని, పరుగెత్తు పిల్లలవెంట చేతితో త్రిప్పలేక విసుగుచెందుట సామాన్యము. 2009లో వచ్చిన 35 మి.మీ. ఎఫ్ 1.8 జి లెన్సునందు మోటారు కలదు. కానన్ వారి 50 మి.మీ. ఎఫ్ 1.8 ఎస్.టి.ఎమ్. లెన్సు అద్దము గల కెమేరాలకై 2015లోను, అద్దము లేని ఆర్.ఎఫ్. బిగింపు కెమేరాలకై 2020లోను వెలువడినది. ఈ పేర్లలోని చివరి అక్షరములను దుకాణములో పెట్టెపై చదివి, తన కెమేరాపై బిగించి, నాలుగు చిత్రములు తీసి చూచిన పిమ్మటనే సొమ్ము చెల్లింపవలెను.

ఇతరులు వాడి అమ్ము లెన్సులను కొనుటలో తప్పు లేదు. సగము ధర మిగులవచ్చును. కాని పరీక్ష అవసరము. లెన్సు రెండు మూతలను తీసి, ఒక వైపునుండి టార్చిదీపమును చూపి, రెండవ వైపునుండి పరికింపవలెను. లోపల సాలెగూడువంటి సన్నని దారములు కనబడినచో అది బూజు. విశాఖపట్టణము, చెన్నై, ముంబాయి, కలకత్తావంటి తేమగల తీరప్రాంతములలో వాడిన లెన్సులకు ఈ వ్యాధి తరచుగా పట్టును. అట్టిదానిని ఎంత చౌకయైనను తీసికొనరాదు. పైగాజుపై సన్నని గీత యొకటి యున్నను చిత్రము చెడదు. ద్వారపు రేకులపై నూనె మరకలున్నచో, అవి నెమ్మదిగా కదలుచున్నచో, విడువవలెను. కొన్న పిమ్మట దానిని తోలుసంచిలో బంధింపక, మూత బిగియు డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో నుంచవలెను. ఆ పొట్లములను అప్పుడప్పుడు మార్చవలెను. నెలకు రెండుసార్లైనను వెలికితీసి వాడుట అన్నిటికంటె మంచి సంరక్షణము.

ఈ సలహా అందరికిని వర్తింపదని కూడ చెప్పవలసియున్నది. సంఘపు వార్షికోత్సవములో కుమార్తె కూచిపూడి నృత్యమును ప్రేక్షకులలోనుండి తీయదలచిన తల్లిదండ్రులకు 35 మి.మీ. లెన్సు చాలదు. ముప్పది అడుగుల దూరమునుండి అది ఇరువది అడుగుల వెడల్పును, అనగా వేదికనంతను పట్టును. బాలిక చిన్నదిగా కనబడును. ఒక్క నర్తకిని తలనుండి పాదములవరకు నిండుగా తీయుటకు ఆ దూరమున 85 మి.మీ. ప్రాంతపు లెన్సు కావలెను. పక్షులను తీయువారి అవసరములు వేరు. అన్నిటికంటె ముందుగా, చేతిలోని ఫోనుతో తీసిన చిత్రములవలననే తృప్తిపడువారు లెన్సుకై సొమ్ము వెచ్చింపనక్కరలేదు. పగటి వెలుతురులో నేటి ఫోనులు మెచ్చదగిన చిత్రములను తీయుచున్నవి. కెమేరా ఇదివరకే యుండి, అది చీకటిపడినంతనే మొరాయించుచున్నవారికే ఈ మాటలు.

ఆ గృహస్థు రెండు వారములు కాగితపు పట్టీతో పరీక్ష చేసి, 35 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సును ఒకరు వాడినదానిని కొన్నాడు. బోనసులో కొంత మిగిలినది. మొదటి చిత్రములు ఆయనను నిరాశపరచినవి. విశాలద్వారమున స్పష్టత గల లోతు మిక్కిలి తక్కువ యని ఆయన ఎరుగడు. అయిదడుగుల దూరమున ఎఫ్ 2 వద్ద ఆ లోతు సుమారు పదిహేను సెంటీమీటర్లు మాత్రమే. అనగా కన్ను స్పష్టముగా నున్నచో వెనుకనున్నవారి ముఖము మసకగును. భార్యను, కుమార్తెను ట్యూబులైటు క్రింద కూర్చుండబెట్టి, దగ్గరి కంటిపై ఫోకసు నిలుపుట, ఇద్దరి ముఖములు ఒకే వరుసలోనికి వచ్చువరకు వేచియుండుట, అవసరమైనచో ద్వారమును 2.8 కు తగ్గించుట ఆయన నెమ్మదిగా నేర్చుకొన్నాడు. రైలెక్కుటకు ముందు ఇంటిలోనే అభ్యాసము చేయుట ఇందుకే అవసరము. సెలవు దినములు పరికరమును నేర్చుకొనుటకు ఉద్దేశింపబడినవి కావు.

మరుసటి ఏడు కుటుంబము మరల గ్రామమునకు పోయినది. తల్లి అప్పటికి మంచి బలహీనురాలై, దీపము వెలిగించు పనిని కోడలికి అప్పగించి, గూటి ప్రక్కన వాలుకుర్చీలో కూర్చుండుచున్నది. మనుమరాలు ఆమె భుజముపై గడ్డమానించి నిలిచినది. రెండు ముఖములు ఒకే వరుసలో నున్నవి. గృహస్థు ఫ్లాష్ వెలిగింపలేదు. ద్వారము ఎఫ్ 2. వేగము సెకనులో నూటయిరువదవవంతు. పది చిత్రములలో ఏడు మసకగనే యున్నవి, రెండింటిలో పిల్ల కన్నులు మూసినది. ఒకటి నిలిచినది.

ఆ చిత్రమును ఢిల్లీలో పెద్ద కాగితముపై అచ్చొత్తించి ఊరికి పంపినారు. దానిని చేతిలోనికి తీసికొని ఆ వృద్ధురాలు చాలసేపు చూచి, తన ముఖమును గూర్చి యేమియు అనక, “దీపం బాగా పడింది” అన్నదట. ఆ మాటను ఫోనులో విన్న కోడలు భర్తవంక చూచి నవ్వినది. బోనసు సొమ్ము లెక్క ఆ ఇంట మరల ప్రస్తావనకు రాలేదు.

సంఘ సభ్యులలో సెలవుకై ఎదురుచూచుచున్నవారు ఎందరో కలరు. వారి బీరువాలలో పగటివేళకు మాత్రమే పనికివచ్చు కెమేరాలును కలవు. రైలు టికెట్టు కొనిన దినముననే కాగితపు పట్టీ పరీక్షను ఆరంభించినచో, ప్రయాణపు వేళకు ఏ లెన్సు తమ ఇంటికి తగినదో వారికి తెలిసియుండును.